పొగాకు ఇంట్లో చేపలతొట్టి

మా ఇంట్లో వాసన చూసి మనిషిని పట్టుకోవటం కుదరదు. వేరే ఇంటి ఆడదైతే మొగుడి చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని, ఇవాళ సిగరెట్టు తాగాడో లేదో ఇట్టే తేల్చేస్తుంది. మాది పొగాకు పండించే ఇల్లు. దుప్పట్లది పొగాకు వాసన, బియ్యం డబ్బాది పొగాకు వాసన, పెళ్ళినాటి పట్టుచీర మడత విప్పితే దానిదీ అదే వాసన. అయినా ఆ చలికాలమంతా నేను మా ఆయన చొక్కాలు వాసన చూస్తూనే ఉన్నాను. ఏమీ తేలదని తెలుసు. తెలిసినా చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

ఆయన ఎడమకాలి బొటనవేలు నల్లబడింది. మొదట చెప్పు కరిచిందన్నాడు. తర్వాత చేలో ముల్లు దిగిందన్నాడు. మా అత్తయ్య పసుపు నూరి కట్టింది, వేపాకు ఉడికించి కాపడం పెట్టింది. వేలు ఇంకా నల్లబడింది. పట్టుమని పది అడుగులు వెయ్యగానే పిక్క పట్టేసి నిలబడిపోయేవాడు. నిలబడి ఏం చేసేవాడంటే, ఇంకో సిగరెట్టు ముట్టించేవాడు. నాకు ఒళ్ళు మండి, పెద్ద గొడవ పెట్టుకుని, పర్చూరులో బస్సెక్కించి గుంటూరు తీసుకెళ్ళాను. సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు రాని రోజులవి.

బ్రాడీపేటలో డాక్టరుగారు ఆయన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మడమ పక్కన నాడి కోసం చాలాసేపు వేళ్ళతో వెతికారు. దొరకలేదు. అప్పుడు తలెత్తి, "రోజుకి ఎన్ని తాగుతావయ్యా?" అన్నారు. మా ఆయన నా వైపు చూశాడు. "అటు చూడకు, నన్ను చూసి చెప్పు" అన్నారాయన.

"లెక్కేముందండీ, తాగుతూనే ఉంటా."

"ఆ పొగకే కాల్లోకి వెళ్ళే రక్తనాళాలు మూసుకుపోతున్నాయి. ఈ వేలు దక్కదు. నల్లబడ్డ మేర ఎండి, బాగున్న చోటికీ దానికీ మధ్య గీత పడేదాకా ఆగి తీసేద్దాం. నువ్వు ఇవాళే మానేస్తే వేలితో సరిపోతుంది. ఒక్కటి తాగినా పాదం పోద్ది. ఆ పైన మోకాలి దాకా రావాల్సొస్తుంది. తర్వాత నీ ఇష్టం."

మా ఆయన ఎవరి కాలి గురించో మాట్లాడుతున్నట్టు కూర్చున్నాడు.

రక్తపరీక్ష కాగితం వచ్చేదాకా బయట హాల్లో కూర్చోమన్నారు. నేను బిస్కెట్లు కొనుక్కుని తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఇప్పుడేగా డాక్టరుగారు చెప్పింది, ఇంత సిగ్గులేకుండా అప్పుడే బయటికి పోయాడా అని గుమ్మం దాకా పరుగెత్తి వెనక్కి తిరిగితే, హాలు మూలన ఉన్న చేపలతొట్టి ముందు వంగి నిలబడి ఉన్నాడు. ఒంటికాలి మీద బరువేసి, గాజుకి ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"ఇది చూశావా, ఈ ఎర్రది ఆ నల్లదాన్ని తిననియ్యట్లా" అన్నాడు నన్ను చూడకుండానే. కుర్చీ తెచ్చి వేశాను. కాగితం వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో, నిద్రలో తప్ప, ఆ మనిషి అంతసేపు సిగరెట్టు లేకుండా ఒకచోట కూర్చోవటం నేను చూడలేదు. సరే, ఎంతైనా సరే, ఇది మా ఇంట్లో ఉండాల్సిందే అనుకున్నాను.

అక్కడే ఒక సందులో చేపలమ్మే కొట్టుంది. కొట్టాయన ఒక సాయిబుగారు, గుమ్మం నిండా వేలాడుతున్న ప్లాస్టిక్ సంచుల మధ్య కూర్చుని ఉన్నాడు. ఒక్కో సంచిలో రెండేసి చేపలు. మాకు హంగులొద్దండీ, తక్కువలో కావాలి, మా ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో తెలీదు, మోటార్లవీ పెట్టలేం అని చెప్పాను.

"ఐతే మొక్కల తొట్టి పెట్టుకోండమ్మా. మొక్కలుంటే గాలి మోటారు అక్కర్లా. నాచు మీ ఊరి చెరువులోనే దొరుకుద్ది. ఇసుక ఇల్లు కట్టేవాళ్ళనడిగితే ఇస్తారు. వెలుగొచ్చే కిటికీ పక్కన పెట్టుకోండి, ఎండ మాత్రం సూటిగా పడకూడదు. తొట్టి ఒకటే కొనాలి మీరు." ఆయన లోపలికెళ్ళి అంచులు గీసుకుపోయి, ఎవరో వాడి తిరిగిచ్చిన పాత తొట్టి తెచ్చాడు. "ఇది తీసుకెళ్ళండి, కారదు. చేపలు మాత్రం ఇప్పుడియ్యను."

"ఎందుకియ్యవు?" అన్నాడు మా ఆయన.

"కొత్త నీళ్ళలో వేస్తే చస్తాయి. నాచు పెట్టి రెండు మూడు వారాలు వదిలెయ్యి. నీళ్ళు కుదురుకోవాలి. అప్పుడు రా." తర్వాత మా ఆయన జేబులో సిగరెట్టు పెట్టె చూశాడు కాబోలు, "ఇంకోటి. సిగరెట్టు తాగే చెయ్యి నీళ్ళలో పెట్టొద్దు. పొగాకు చేపకి విషం" అన్నాడు.

అబ్బ, ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. చొక్కాలు చెప్పలేనిది చేపలు చెబుతాయన్నమాట. మా ఆయన నా మొహం చూసి, "దానికెందుకే అంత సంతోషం?" అన్నాడు. ఏం లేదన్నాను. ఆయన జేబులోని పెట్టె నేనే తీసి అక్కడే మురిక్కాలవలో పడేశాను.

తొట్టిని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కండక్టరు, "పిల్లాడా అమ్మా? అర టిక్కెట్టు కొట్టాల" అన్నాడు. చిలకలూరిపేట దాటేదాకా బస్సు ఎక్కడ కుదిపినా తొట్టిని రెండు చేతులా పొదివి పట్టుకున్నాను. పక్క సీట్లో ఆయన ఖాళీ జేబు తడుముకుంటూ, కిటికీ తలుపు పైకీ కిందకీ లాగుతూ, ముందు సీటు రేకు గోరుతో గీకుతూ ఉన్నాడు. ఆ చేతులకి ఏదో ఒక పని చూపించకపోతే లాభం లేదని అప్పుడే అర్థమైంది.

పని చూపించాను. పక్క వీధిలో ఇల్లు కడుతున్నవాళ్ళ దగ్గర్నించి రెండు బొచ్చెలు ఇసుక తెచ్చి ముందర పోశాను. బకెట్లో పోసి నీళ్ళు పొయ్యటం, చేత్తో కలపటం, మురికినీళ్ళు వంచటం, మళ్ళీ పొయ్యటం. నీళ్ళు తేటగా అయ్యేదాకా కడగాలి. ఇసుక అంత మురికిగా ఉంటుందని మాకు తెలీదు. ఆయన వసారాలో పీట మీద కూర్చుని పొద్దున్నించి అదే పని. కడుగుతున్నంతసేపూ మనిషి మనిషిలా ఉన్నాడు.

కానీ రైతు రైతే కదా. కడిగిన ఇసుక తొట్టిలో పోద్దామని నేను వచ్చేసరికి, అడుగున బెత్తెడు మందాన మా చేలోని నల్లమట్టి పరిచి ఉంచాడు.

"మొక్క అన్నాక మట్టి లేకుండా ఎట్టా?" అన్నాడు.

"కొట్టాయన మట్టి చెప్పలేదుగా."

"ఆయన చేపలమ్ముకునేవాడు. పైరు సంగతి ఆయనకేం తెలుసు. మన మట్టిలో నిటారుగా లేస్తది చూడు."

మన నల్లమట్టి సంగతి తెలిసిందేగా. తడిస్తే ఉబ్బుతుంది. పైన ఇసుక పోసి నీళ్ళు నింపాక, ఉబ్బిన మట్టి ఇసుకని చీల్చుకుని గడ్డలుగా పైకొచ్చి, నీళ్ళు మొత్తం డికాషను రంగుకి తిరిగాయి. వాటిని అట్టాగే వదిలేస్తే తేరుకుంటాయన్నాడు. రెండు రోజులు చూశాం. మూడోరోజు అత్తయ్య వచ్చి, "అందులో గేదెని పడుకోబెడతారంట్రా?" అంది. ఆయన గిన్నెతో నీళ్ళన్నీ తోడి, మట్టి గీకి, మళ్ళీ ఇసుక కడగటానికి కూర్చున్నాడు. ఆ తర్వాత చిటికెడు డీఏపీ ఎరువైనా వేద్దామని బతిమాలాడు. అది వేస్తే నీళ్ళు పాచిపట్టి ఛస్తాయి, నోరు మూసుకోండన్నాను.

బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయని మంచినీళ్ళ చెరువు నించి బిందెలతో మోశాను. నాచు కూడా అక్కడిదే తెచ్చాను. కాలవలో గుబురుగా ఉంటుంది కానీ పత్తిచేలకి మందు కొట్టే రోజులు, ఆ నీళ్ళని నమ్మలేం. నాచుకి పట్టిన నత్తగుడ్లు ఏరి, పటికనీళ్ళలో జాడించి, నాలుగేసి పోచలు కలిపి ఇసుకలో గుచ్చాం. మొదట అన్నీ లేచి తేలాయి. వరి నాటినట్టు వేలితో లోపలికి నొక్కి మట్టసం చేస్తే నిలిచాయి. ఆయన నాటుతుంటే నేను పక్కన నిలబడి, అక్కడ పల్చగా ఉంది, ఇక్కడ ఒత్తుగా ఉంది అని పురమాయించాను.

ఇక అసలు నరకం అప్పుడు మొదలైంది. చేపలు లేని నీళ్ళు. ఆయన ముందర అవి, నా ముందర ఆయన.

కాలు కాలిన పిల్లిలాగా అంటారు కదా, వసారాలో ఈ చివర నించి ఆ చివరికి అదే తిరుగుడు. నిజంగానే కాలు చెడిన మనిషి, ఆ మాట పైకి అనటానికి నాకు నోరు రాలేదు. సోంపు నమిలాడు, వక్కలు నమిలాడు, అగ్గిపుల్లలు విరిచి గుట్ట పోశాడు. అన్నం ఉడకలేదని ఒకసారి, మెత్తగా ఉడికిందని ఒకసారి అరిచాడు. తల్లిని అరిచాడు, గేదెని అరిచాడు. కుదురు నాకూ లేదు. ఆయన గుమ్మం దాటితే చాలు, చేతిలో ఉన్నది వదిలేసి వెంటపడేదాన్ని.

"ఎక్కడికి?"

"దొడ్లోకి."

"ఎందుకు?"

"దొడ్లోకి ఎందుకెళతారే?"

అయినా నేను గోడ ఇవతల నిలబడి చెవులు రిక్కించేదాన్ని, అగ్గిపుల్ల గీసిన చప్పుడవుతుందేమోనని. సిగ్గుపడాల్సిన పనే, కానీ సిగ్గుపడే తీరిక ఎక్కడుంది? తాగితే పాదం తీసేస్తారు. పొయ్యి మీద ఎసరు పెట్టినా, పేడకళ్ళు ఎత్తుతున్నా ఆ పాదమే కళ్ళ ముందు. సాయంత్రాలు ఆయన తొట్టి ముందు కూర్చుని, "ఖాళీ నీళ్ళ ముందు కూర్చోబెట్టావు కదే నన్ను" అనేవాడు. మళ్ళీ తనే, "ఇదిగో, ఈ పోచకి కొత్త ఆకేసింది" అనేవాడు.

నాచు పచ్చగా తిరిగి, పొద్దెక్కాక ఆకుల మీద బుడగలు కడుతున్నప్పుడు ఇక ఆగలేక మళ్ళీ గుంటూరు వెళ్ళాం. డాక్టరుగారు నలుపు పైకి పాకలేదన్నారు. అక్కడ్నించి సాయిబుగారి కొట్టుకి. ఆయన గప్పీలనే చిన్న చేపలు ఇచ్చాడు, తోకలు పంచరంగుల జాకెట్టుగుడ్డ ముక్కల్లా ఉన్నాయి. ఇంటికొచ్చి సంచిని మూతి విప్పకుండానే తొట్టిలో తేలేసి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక వేడికి వచ్చాక వదిలాం. అవి నాచులోకి దూరి, ఒకదాని వెంట ఒకటి తిరిగి, కాసేపటికి పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. అత్తయ్య కూడా పీటేసుకుని కూర్చుంది.

ఆ రోజే ఆయనకి గట్టిగా చెప్పాను, తొట్టిలో చెయ్యి పెట్టకూడదని. మేత స్పూనుతో వెయ్యాలి, అది కూడా చిటికెడు. నీళ్ళు మార్చటం, గాజు తుడవటం, నాచు కత్తిరించటం నాది.

"నాకని తెచ్చి నన్ను ముట్టుకోనియ్యవేంటే?"

"ఇరవై ఏళ్ళు సిగరెట్టు పట్టుకున్న చేతులవి. డాక్టరుగారు బాగుందని చెప్పాక పెడుదురుగాని."

నా మనసులో ఉన్నది వేరే. వద్దన్నా నేను లేనప్పుడు చెయ్యి పెట్టకుండా ఉండడు. చేపలు బతికినన్నాళ్ళూ ఈయన తాగనట్టు. చచ్చాయా, దొరికిపోయినట్టు. వాటి మీద భారం వేసి నేను కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. చొక్కాలు వాసన చూడటం తగ్గించాను. చేపలు చక్కగా తిరిగాయి, ఆయన గంటలు గంటలు కూర్చున్నాడు, ఒక ఆడచేప పొట్ట పెరుగుతుందని కూడా కనిపెట్టాడు.

అంతలో ఆకు కోతకొచ్చింది.

తెలియనివాళ్ళకి చెబుతాను. పచ్చి పొగాకు కోసి తెచ్చి, కొట్టం కింద పోసి, ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని దబ్బనంతో ఒక్కో ఆకూ పురికొసకి గుచ్చుతాం. ఆ తోరణాలు పందిరి మీద వేలాడదీసి ఆరబెడతారు. ఆకు జిగురు చేతులకి నల్లగా పట్టేస్తుంది. బట్టలసబ్బుతో రుద్దినా పోదు. ఆ రోజుల్లో అన్నం ముద్ద చేదుగా ఉంటుంది, అది మాకు మామూలే. తల తిరుగుతుంది, పొద్దున్నే వాంతులవుతాయి, అదీ మామూలే. కొత్తకోడలిగా వచ్చిన మొదటి ఏడు నేను అట్టా వాంతులు చేసుకుంటే అత్తయ్య విశేషమనుకుని వీధంతా చెప్పొచ్చింది. ఆకు గుచ్చటం అయిపోగానే వాంతులూ ఆగిపోయాయి, ఆమె మొహం చిన్నబోయింది. నన్ను ఏడిపించటానికి కొట్టంలో ఆడవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతే ఎత్తుతారు.

ఆ ఏడు ఆయన చేలోకి పోలేడు కాబట్టి, కోతలు చూసుకోవటం, గుచ్చటం అంతా నా నెత్తినే పడింది. పొద్దుగూకేవేళకి వచ్చి చేతులు కడుక్కుని, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని ముందు తొట్టి పనే చూసేదాన్ని. గాజుకి పట్టిన పాచి మోచేతిదాకా చెయ్యిపెట్టి తుడవటం, ఎండిన ఆకులు ఏరటం. చేపలకేమీ కాకుండా చూసుకోవాలి, వాటి మీదేగా నా భారమంతా.

మొదట పొట్టతో ఉన్న ఆడది చచ్చింది. ఈనలేక పోయిందేమో అనుకున్నాం. తర్వాత రోజు నీలిరంగుది అడ్డంగా తిరిగి, వణికి, బోర్లాపడింది. ఆ తర్వాత ఇంకొకటి. మళ్ళీ చొక్కాలు వాసన చూశాను. జేబులు తడిమాను. బడ్డీకొట్టు వైపు పోయేవాళ్ళనల్లా మాటల్లో పెట్టి, మా ఆయన ఇటొచ్చాడా అని అడిగాను. ఎవరూ చూడలేదన్నారు. మగవాళ్ళంతా ఒకటే, చెప్పరు అనుకున్నాను. ఆ వాంతులకి ఈ అనుమానం తోడు.

రెండే రెండు మిగిలిన రోజు సాయంత్రం కొట్టం నించి రాగానే అడిగేశాను.

"తొట్టిలో చెయ్యి పెట్టారా?"

"పెట్టొద్దన్నావుగా, పెట్టలా."

"మరెందుకు చస్తన్నాయి?"

"నాకేం తెలుసే. నేనేమన్నా చేపల డాక్టర్నా?"

"తాగారా?"

"అడిగేశావా? చొక్కాలు వాసన చూశావు, జేబులు వెతికావు, గోడ పక్కన నిలబడ్డావు. అన్నీ తెలిసీ తెలియనట్టు ఊరుకున్నా, భయంతో చేస్తందిలే అని. ఇవాళ నోటితో అడిగావు."

"చెప్పండి మరి."

"తాగలా."

"ఒట్టెయ్యండి."

"ఎవరి మీద వెయ్యనే? ఆ మిగిలిన రెంటి మీద వెయ్యనా?" కర్ర అందుకుని లేచాడు. "తాగకుండా ఈ మాట పడే బదులు తాగే పడితే పోలా?" అని కుంటుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు. అత్తయ్య లోపల్నించి, "ఒరేయ్ అబ్బాయ్, ఆగరా" అంటూనే ఉంది.

పోనీ, పోయి తగలెయ్యనీ కాలు, నాకేంటి అనుకున్నాను. అనుకుంటూనే, ఆ రెండు చేపలనైనా దక్కించుకుందామని స్టీలు బేసిన్లో కొత్త చెరువునీళ్ళు పోశాను. ఆయన ముట్టుకోని బేసిను, నేను మోసుకొచ్చిన నీళ్ళు. గిన్నెతో చేపల్ని పట్టి అందులో వదిలాను. అవి బాగానే ఉన్నాయి, గుండ్రంగా తిరుగుతున్నాయి. నాలుగు నాచుపోచలు తెచ్చి, చెయ్యి ముంచి వాటి పక్కన సర్దాను. కొట్టంలోంచి వచ్చి ఇంకా చేతులైనా కడుక్కోలేదు.

స్టీలు బేసిను కాబట్టి కనపడింది. నా వేళ్ళ చుట్టూ నీళ్ళు పచ్చగా తిరుగుతున్నాయి. పసుపు కలిపినట్టు సన్నటి చార వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. రోజూ బోరునీళ్ళతో చేతులు కడుక్కునేటప్పుడు చూసే పచ్చదనమే. నేను చూస్తుండగానే ఒక చేప బేసిను అంచుకి కొట్టుకుంది. రెండోది పైకెగిరి కిందపడి, వణికి, పక్కకి తిరిగింది. దాని నోరు నా చూపుడువేలు దగ్గరే తెరుచుకుని ఉంది.

ఎట్టా వెళ్ళానో నాకు తెలీదు. చెప్పుల్లేవు, కొంగు సరిచేసుకోలేదు. బడ్డీకొట్టు దగ్గర మగవాళ్ళ మధ్య బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు. పెదాల మధ్య సిగరెట్టుంది. కొట్టుకి వేలాడదీసిన కొబ్బరితాడు చివర నిప్పు రాజుకుంటూ ఉంటుంది కదా, ఆ తాడు చేత్తో పట్టుకుని, మొహం దగ్గరికి లాక్కుంటున్నాడు.

రెండు చేతులూ ఆయన ముక్కు ముందర పెట్టాను. నీళ్ళు కారుతున్నాయి.

"మీరు కాదండీ. నేను" అన్నాను. "ఇవి పెట్టాను తొట్టిలో. రోజూ పెట్టాను."

ఆయన తాడు వదిలేశాడు. నా చేతులు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, వాసన చూశాడు.

"ఇది ఎప్పుడూ ఉండే వాసనే కదే" అన్నాడు.

"అదేనండీ. అదే."

సిగరెట్టు నోట్లోంచి తీసి బడ్డీకొట్టు గాజుసీసాల మీద పెట్టాడు. నా భుజం ఆసరా చేసుకుని లేచాడు. దారిలో ఆయన పిక్క పట్టేసి నిలబడ్డప్పుడల్లా నేనూ నిలబడ్డాను.

ఇంటికొచ్చి, ఇసుక కడిగిన పీటే వసారాలో వేసుకుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు. అత్తయ్యని చింతపండూ బూడిదా తెమ్మన్నాడు. నా చేతులు బకెట్లో ముంచి, వేలు వేలుకీ, గోరు గోరుకీ రుద్దాడు. నీళ్ళు పచ్చబడ్డాయి. పారబోశాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ పచ్చబడ్డాయి.

"సీజనంతా వాంతులు చేసుకుంటావు కదా నువ్వు" అన్నాడు.

"అందరం చేసుకుంటాం."

"చేపలు చచ్చినయ్యి."

"మనిషికేమవుద్దిలెండి."

ఆయన రుద్దటం ఆపలేదు. "నాకు డాక్టరు చెప్పాడు. ఆ కొట్టు సాయిబు చెప్పాడు. నువ్వు నిద్రపోకుండా నా వెంటపడి చెప్పావు. నీకెవరూ చెప్పలా."

నాకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే, ఆకు మానేస్తే ఏం తింటాం అని పోట్లాడాను కూడా. అదంతా రేపు చూద్దాం, ముందు ఆ చెయ్యి ఇటియ్యి అన్నాడు.

వేసవి ముదరకముందే ఆ బొటనవేలు తీసేశారు. పాదం నిలిచింది, మడమ పక్కన నాడి కూడా చేతికి తగిలిందన్నారు డాక్టరుగారు. తొట్టి ఖాళీ చేసి, ఇసుక మళ్ళీ మొదట్నించీ కడిగి, కొత్త నాచు నాటి, నీళ్ళు కుదురుకున్నాక కొత్త చేపల్ని వదిలాం. ఈసారి తొట్టిలో చేతులు పెట్టింది ఆయనే. నేను దూరంగా కూర్చుని చూశాను. మరుసటి ఏడు చేలో శనగ వేశాం. తాతల నాటి పంట మాన్పించిందని అత్తయ్య నాతో చాలాకాలం ముభావంగా ఉంది. నాకూ ఆ ఏడంతా మనసు మనసులో లేదు, శనగ నమ్ముకుని ఏమైపోతామోనని.

మాఘమాసం వచ్చింది. పక్కిళ్ళ ఆడవాళ్ళు దబ్బనాలు పట్టుకుని ఆకు గుచ్చటానికి వెళుతూ, అలవాటు కొద్దీ మా గుమ్మం ముందు ఆగి నన్ను కేకేశారు. నేను అలవాటు కొద్దీ లేవబోయాను. ఆయన తొట్టి ముందు స్పూనుతో మేత వేస్తున్నాడు. అటు తిరగకుండానే వాళ్ళకి జవాబు చెప్పాడు.

"మా ఆవిడ మానేసిందమ్మా" అన్నాడు.